సంతకం ఉన్న వైపు

మొదటిసారి మా షాపుకొచ్చిన రోజు ఆమె రెయిన్‌కోటు తను వేసుకోలేదు, బొమ్మకి వేసింది. బయట కుండపోత. తల నుంచి కాళ్ళ దాకా తను తడిసి ముద్దయింది, చంకలో బొమ్మ మాత్రం చంటిపిల్లలా వెచ్చగా ఉంది.

"ఫ్రేము కట్టాలండీ."

"ముందు మీరు తుడుచుకోండి."

"నాకేం కాదు. నేను పేపర్ని కాదుగా."

కోటు విప్పి చూశాను. పాత కుట్టుమిషను బొమ్మ. టేపు పెట్టి కొలిచాను.

"రెండు మిల్లీమీటర్లు ఎక్కువుంది. అంచు కోస్తే రెడీమేడ్ ఫ్రేములో సరిపోతుంది."

"కోస్తారా?"

"రెండే రెండు మిల్లీమీటర్లండీ."

"మీ చెవి రెండు మిల్లీమీటర్లు కోస్తే ఊరుకుంటారా?"

అరగంట వాదించుకున్నాం. చివరికి ఆమె బొమ్మకి సరిపడా కొత్త ఫ్రేమే కట్టాను. ఆ రోజు నుంచి నా పేరు మిల్లీమీటర్. ఆమె వేళ్ళు ఎప్పుడు చూసినా గీతలు గీసే బొగ్గుతో నల్లగా ఉంటాయి కాబట్టి ఆమె పేరు బొగ్గు. చివర ఇద్దరం 'గారు' తగిలించేవాళ్ళం. మర్యాదకేం లోటు రానివ్వలేదు.

షాపు మా మావయ్యది. నడుము పట్టేసి ఆయన ఇంటిపట్టునే ఉంటున్నాడు. కౌంటరు దగ్గర అత్తయ్య కూర్చుంటుంది, వెనక టేబుల్ దగ్గర పని నాది. పని నేర్పిన మొదటిరోజే మావయ్య ఒక మాట చెప్పాడు. "ఒరేయ్, బొమ్మకి తలా తోకా తెలీకపోతే సంతకం చూడు. సంతకం ఉన్న వైపే ముఖం." ఈ మధ్య వచ్చే బొమ్మల్లో సగానికి తలా తోకా తెలీదు. ఆ మాట నన్ను ఎన్నోసార్లు కాపాడింది. ఒక్కసారి మాత్రం నిలువునా ముంచింది. ఈ కథ దాని గురించే.

ఆమె నాన్న టైలరు. పొద్దున పూట ఆయన దగ్గర గుండీలు కుట్టేది. బొగ్గు వేళ్ళతో కుట్టడం, కస్టమర్ల కాలర్ల మీద నల్ల ముద్రలు పడటం, ఆయన నెత్తీనోరూ కొట్టుకోవడం వాళ్ళింట్లో రోజూ ఉండేదే. మధ్యాహ్నం కాగానే మా షాపుకొచ్చేది. నేను కోసి పారేసే అట్టముక్కలు ఏరుకుని, నా వెనకాల స్టూలు మీద కూర్చుని ఏదో గీసుకునేది.

"ఏం గీస్తున్నారు బొగ్గు గారూ?"

"గోడ."

"మూడు నెలల నుంచీ గోడేనా?"

"కష్టమైన గోడ. ఎంత చూసినా పలకదు."

గోడలు ఎక్కడన్నా పలుకుతాయా అని నవ్వాను. కౌంటరు దగ్గర అత్తయ్య కూడా నవ్వింది. ఆవిడ దేనికి నవ్విందో నాకు అప్పుడు తట్టలేదు. నా బుర్రకి పదును గాజు కోసేటప్పుడే ఉంటుంది.

ఆమె ఎప్పుడూ కాగితానికి రెండువైపులా వేసేది. మంచి మందపాటి కాగితం దొరికితే వదిలేది కాదు. రెండు గంటలకి గుమ్మం వైపు నా తల దానంతటదే తిరిగేది. ఆమె రాని రోజు నా ఫ్రేముల మూలలు కలిసేవి కావు. ఇదంతా పైకి చెప్పాలంటే మాత్రం నోరు పెగిలేది కాదు.

ఒక మంగళవారం ఆమె వచ్చి, స్టూలు మీద కూర్చోకుండా నా పక్కన నిలబడింది.

"శనివారం ఆర్ట్ హాల్లో పోటీ ఉంది. గెలిచిన ముగ్గురికి ఏడాది పాటు వాళ్ళ స్టూడియోలో చోటిస్తారు."

"వెయ్యండి మరి."

"రెండేళ్ళుగా వేస్తున్నా. రెండుసార్లూ తిప్పి పంపారు. ఈసారి కూడా రాకపోతే ఒకటో తారీఖు నుంచి మా బావ పళ్ళ ఆస్పత్రిలో రిసెప్షన్‌లో కూర్చుంటానని నాన్నకి మాటిచ్చాను. పొద్దుణ్ణించి రాత్రి దాకా 'నెక్స్ట్' అని పిలవడమే."

"మాట తప్పడం కుదరదా?"

"మా నాన్న టైలరండీ. ఒకసారి గుడ్డ కోశాక మళ్ళీ అతికించడు." నా టేబుల్ అంచు పట్టుకుంది. "ఏం వెయ్యాలో మీరు చెప్పండి. మనసులో రెండున్నాయి. ఒకటి అందరికీ నచ్చేది. ఇంకోటి నాకు నచ్చేది."

సరిగ్గా అప్పుడే గాజు కోస్తున్నాను. గాజు మీద వజ్రపు మొన నడుస్తున్నప్పుడు తల ఎత్తకూడదు. ఎత్తితే గీత పక్కకి పోతుంది. ఎత్తలేదు. ఆ రోజు ఆ గాజు పగిలిపోయినా బాగుండేది.

"జడ్జీలు మీరు కాదు కదా. అందరికీ నచ్చేదే వెయ్యండి. పువ్వులు వెయ్యండి. పువ్వులు ఎవరికి చేదు?"

"మీకేది నచ్చుతుంది?"

"నాకా? నాలుగు మూలలూ సరిగ్గా కలిస్తే చాలు."

గాజు టక్కున విరిగింది, సరిగ్గా గీత మీదే. సంబరంగా తల తిప్పి చూస్తే ఆమె లేదు. అట్టముక్కలు కూడా తీసుకెళ్ళలేదు.

బుధవారం రాలేదు. గురువారం నేను గాజు తేవడానికి వెళ్ళినప్పుడు వచ్చి, చుట్టిన కాగితమూ ఓ చీటీ అత్తయ్యకిచ్చి వెళ్ళిపోయింది. చీటీలో "నల్ల ఫ్రేము. శనివారం తొమ్మిదికి వస్తాను" అని ఉంది. మిల్లీమీటర్ లేదు, గారు లేదు. నాకు రోషం వచ్చింది. తప్పు నాదైనప్పుడు నాకు రోషం కాస్త తొందరగా వస్తుంది.

కాగితం విప్పాను. ఒకవైపు గాజు కూజాలో పువ్వులు. పొందిగ్గా, తప్పు పట్టడానికి లేకుండా ఉన్నాయి. తిప్పాను.

రెండోవైపు ఒక మగవాడి వీపు.

టేబుల్ మీదకి వంగి ఏదో పని చేసుకుంటున్నాడు. ముఖం లేదు. ఎడమ భుజం కొంచెం దిగి ఉంది. చెవి మీద పెన్సిలు. చొక్కా కాలరు వెనకాల సగం లేచి మడత పడి ఉంది. చెయ్యి పెట్టి ఆ కాలరు సరిచెయ్యాలని చూసినవాళ్ళకి అనిపించేలా వేసింది. అంత ఇష్టంగా మనిషిని చూడొచ్చని నాకు అప్పటిదాకా తెలీదు. కింద కుడిమూల ఆమె సంతకం ఉంది.

ఎవడీ వీపుగాడు?

చెవి మీద పెన్సిలు ఉంది కాబట్టి వడ్రంగి అయ్యుంటాడు. వాళ్ళ వీధిలోనే ఉంటాడు కాబోలు. రోజూ కిటికీలోంచి చూస్తుంది కాబోలు. నా ఒళ్ళు మండిపోయింది.

"అత్తయ్యా, ఎవరితను?"

అత్తయ్య కళ్ళజోడు సర్దుకుని బొమ్మ చూసింది. తరవాత నన్ను చూసింది. తరవాత మళ్ళీ బొమ్మ చూసింది.

"నీకు తెలీలేదురా?"

"నాకెలా తెలుస్తుంది? వాడి మొహమే లేదు."

"ఎవరి వీపు వాళ్ళకి కనపడదని ఊరికే అన్నారా!" అని కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆ సామెత అక్కడెందుకొచ్చిందో ఆలోచించే ఓపిక నాకు లేదు. అసలు సమస్య వేరే ఉంది. రెండువైపుల్లో పోటీకి ఏది? పువ్వుల మీద సంతకం లేదు. వీపు మీద ఉంది. నేను పువ్వులన్నాను కాబట్టి మొదట పువ్వులు వేసి, తరవాత నా సలహా చెత్తబుట్టలో పడేసి ఆ వడ్రంగిని వేసుంటుంది. అయినా ఒకసారి అడగడం మంచిది. ఫోన్ తీశాను. ఏమని అడగాలి? 'మీ ఆయన వైపా, పువ్వుల వైపా' అనా? ఫోన్ పెట్టేశాను. సంతకం ఉన్న వైపే ముఖం అని మావయ్య అన్నాడు కదా.

ఆ రాక్షసుడికి జన్మలో కట్టనంత బాగా ఫ్రేము కట్టాను. వెనకున్న పువ్వులు అట్టకి రుద్దుకోకుండా మధ్యలో పల్చటి కాగితం వేశాను. అసూయతో చేసిన పనికి కూడా నాలుగు మూలలూ సరిగ్గా కలిశాయి. శనివారం ఆమె మొహం చూడటం ఇష్టంలేక శుక్రవారం సాయంత్రమే తీసుకెళ్ళి హాల్లో ఇచ్చేశాను. రిజిస్టరులో నంబరు నలభై ఒకటి పడింది.

శనివారం తొమ్మిదికి ఐదు నిమిషాలుండగా ఆమె వచ్చింది. చేతిలో కొత్తగా చెక్కిన పెన్సిలు.

"ఎక్కడ నా బొమ్మ? అద్దం తియ్యాలి. సంతకం పెట్టాలి."

"నిన్నే హాల్లో ఇచ్చేశాను. వానొస్తుందేమోనని." థాంక్స్ చెబుతుందని చూశాను.

"సంతకం లేకుండానా?"

"సంతకం ఉందిగా."

"పువ్వుల మీద నేనింకా పెట్టలేదు."

చేతిలో పని టేబుల్ మీద పెట్టేశాను.

"పువ్వులు వెనకవైపు కదండీ?"

"మీరు ఏ వైపు కట్టారు?"

"సంతకం ఉన్న వైపు."

ఆమె స్టూలు మీద కూలబడింది. పెన్సిలు కింద పడితే తీసుకోలేదు.

"పువ్వులు వెయ్యమన్నది మీరు కాదూ? మీ నోటితో మీరే అన్నారు కదా! తీరా పువ్వులు చూశాక కూడా తెలీలేదా?"

"సంతకం లేదని..."

"నాకు నమ్మకం కుదిరితేనే పెడతాను. పువ్వుల మీద కుదర్లేదు. రెండు రోజులు నిద్ర లేకుండా వేశాను, అయినా కుదర్లేదు. ఇవాళ కళ్ళు మూసుకుని పెట్టేద్దామని వచ్చాను. ఒక్క ఫోన్ చేస్తే పోయేదా?"

ఫోన్ ఎందుకు చెయ్యలేదో నాకు తెలుసు. చెప్పుకునే కారణం కాదు.

"అతని మీద మాత్రం నమ్మకం కుదిరిందన్నమాట," అనేశాను.

"ఎవరి మీద?"

"అదే, ఆ వీపాయన మీద."

ఆమె నా వైపు వింతగా చూసింది. అత్తయ్య దగ్గింది.

"మీరు ఆ బొమ్మ చూశారా? సరిగ్గా చూశారా?"

"మిల్లీమీటర్లతో సహా చూశాను."

"చూసి కూడా..." ఆమె మాట మధ్యలో ఆపేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆ బొమ్మ నలుగురూ చూడ్డానికి కాదు. మంచి కాగితం ఇంకోటి లేక దాని వెనకాలే పువ్వులు వేశాను. సాయంత్రం నాన్న కూడా వస్తాడు. ఎవరే ఇతను అంటే ఏం చెప్పను? పదకొండింటికి జడ్జీలు వస్తారు. పదండి."

పట్టకారు, సన్నమేకులు, సుత్తి, టేపు సంచీలో వేసుకుని స్కూటర్ తీశాను. వాన పట్టుకుంది. హాలు ఊరికి ఆ చివర, దారంతా ట్రాఫిక్. వానలో ఆమెని వెనక కూర్చోబెట్టుకుని వెళ్ళాలని మూడు నెలలుగా కలలు కన్నాను. కలలో ఆమె ఏడవలేదు.

సగం దారిలో సిగ్నల్ పడింది. వెనకనుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినపడింది.

"సారీ అండీ," అన్నాను.

"పచ్చలైటు పడింది, పోనివ్వండి."

హాల్లో బొమ్మలన్నీ గోడలకి ఎక్కేసి ఉన్నాయి. గుమ్మం దగ్గర రిజిస్టరు ముందు ఒక మేడం కూర్చుంది. తెల్లజుట్టు, ఎర్ర పెన్ను. మేం చెప్పింది మొత్తం వినకుండానే తల అడ్డంగా ఊపింది.

"గోడకెక్కింది దిగదు. అదీ రూలు."

"మేడం, ఫ్రేము కట్టింది నేనే. తప్పు నాది. ఆవిడ తప్పేం లేదు," అన్నాను.

"తప్పు ఎవరిదని నేనడగలేదు బాబూ."

"నేను విప్పి సరిచెయ్యకపోతే ఆవిడ జీవితాంతం 'నెక్స్ట్' అని పిలుస్తూ కూర్చోవాలి."

మేడంకి అర్థమై ఉండదు. అయినా నా మొహంలో ఏం కనిపించిందో ఏమో, గడియారం చూసింది.

"పదిన్నర. పది యాభైకల్లా బొమ్మ గోడ మీద ఉండాలి. నా కళ్ళముందే విప్పాలి, నా కళ్ళముందే బిగించాలి. ఒక్క నిమిషం దాటినా నంబరు కొట్టేస్తాను."

నలభై ఒకటి దింపాను. కిటికీ పక్కన పొడుగాటి టేబుల్ మీద బోర్లా పెట్టాను. పెన్సిలు చెవి మీద పెట్టుకుని వంగాను. వెనక అతికించిన టేపు ఊడదీశాను. మేకులు ఒక్కొక్కటే పట్టకారుతో లాగాలి. తొందరపడితే చెక్క చీలుతుంది. పది ముప్పై ఐదు. ఆమె పక్కనే నిలబడి గోళ్ళు కొరుక్కుంటోంది. మేడం నా వెనకాల కాపలా నిలబడింది.

పన్నెండు మేకులు లాగాను. అట్ట తీశాను. పల్చటి కాగితం తీశాను. బొమ్మని జాగ్రత్తగా ఎత్తి పక్కన పరిచాను, ఆ వీపుగాడు పైకి ఉండేలా. అద్దం తుడవడానికి మళ్ళీ వంగాను.

"ఆగు బాబూ," అంది మేడం. "కదలకు."

"టైమవుతోంది మేడం."

"కదలకన్నానా." ఆవిడ బొమ్మ మీదకి వంగింది. తరవాత ఆవిడ మెల్లగా అంది. "నీ బొమ్మ నువ్వే తిప్పేస్తున్నావేంటి?"

"నాది కాదండీ. ఆవిడ వేసింది."

"వేసింది ఆవిడే. వేసింది ఎవర్నీ అని."

"ఎవరో వడ్రంగి."

"ఏం వడ్రంగి? ఆ భుజం చూడు, నీ భుజం చూసుకో. చెవి మీద పెన్సిలు ఎవరిది? ముందా కాలరు సరిచేసుకో."

చెయ్యి మెడ వెనక్కి పెట్టి చూసుకున్నాను. కాలరు సగం లేచి మడత పడి ఉంది. మూడు నెలలుగా అది అలాగే ఉంటోందని నాకు ఒక్కరు కూడా చెప్పలేదు. ఒకామె మాత్రం చూసి, చెప్పకుండా, గీసుకుంటూ కూర్చుంది.

గోడ. కష్టమైన గోడ. ఎంత చూసినా పలకదు.

ఆమె వైపు తిరిగాను. ఆమె కిటికీలోంచి వానని చూస్తోంది. చెవులు ఎర్రగా ఉన్నాయి.

"నన్నా?" అన్నాను. అంతకన్నా తెలివైన మాట నోటికి రాలేదు.

"నువ్వు చూడాలనే ఇచ్చాను," అంది. మూడు నెలల్లో మొదటిసారి 'నువ్వు'. "పువ్వులు బయటికి, ఇది లోపలికి. ఫ్రేములో మూసేసేముందు నువ్వొక్కడివే చూస్తావు కదా, చూసి ఏదైనా అంటావేమో అనుకున్నాను. నువ్వేం చేశావు? ఊరందరికీ చూపించావు, నీకు మాత్రం కనపడలేదు."

"అసూయతో చచ్చిపోయాను తెలుసా," అన్నాను. "ఆ వీపుగాడెవడో తెలిస్తే సుత్తి తీసుకుని వెళ్ళేవాణ్ణి. అందుకే ఫోన్ చెయ్యలేదు. నువ్వంటే నాకు ఇష్టం. రెండింటికి నువ్వు రాకపోతే నాకు మూలలు కలవవు."

ఆమె నవ్విందో ఏడ్చిందో తెలీలేదు. రెండూ చేసిందనుకుంటా.

"ఎనిమిది నిమిషాలు," అంది మేడం. ఆవిడ గొంతు కూడా కొంచెం మారింది, రూలు మాత్రం మారలేదు.

బొమ్మ అంచులు రెండు చేతులతో పట్టుకున్నాను. ఈసారి నాకు నేనుగా ఏదీ తేల్చదలుచుకోలేదు. గురువారం అడగాల్సిన మాట శనివారం అడిగాను.

"ఏ వైపు?"

ఆమె బొమ్మ తిప్పింది. పువ్వులు పైకొచ్చాయి. నా చెవి మీద పెన్సిలు తీసుకుని కుడిమూల దగ్గర పెట్టింది. పెన్సిలు మొన కాగితానికి ఒక్క మిల్లీమీటరు దూరంలో ఆగిపోయింది. సంతకం పడితే పువ్వులు గోడెక్కుతాయి. ఏ పేచీ ఉండదు, ఎవరూ ఏమీ అడగరు.

"మేడం, రిజిస్టరులో ఏ వైపని రాశారు?" అంది ఆమె, తల ఎత్తకుండా.

"నలభై ఒకటి, ఒక కాగితం, నల్ల ఫ్రేము. వైపు సంగతి రాయలేదు. వైపులుంటాయని నాకేం తెలుసు?"

"నా చెయ్యి రావట్లేదు," అంది ఆమె నాతో. "దీని మీద సంతకం రావట్లేదు. రెండేళ్ళూ ఇలాంటివే పంపాను. కళ్ళు మూసుకుని పెట్టాను. వెనక్కొచ్చాయి."

"మరి మీ నాన్న?"

"అడిగితే చెప్తాను." పెన్సిలు నా చెవి మీద తిరిగి పెట్టేసింది. "బిగించు. సంతకం ఉన్న వైపే."

పన్నెండు మేకులు ఏడు నిమిషాల్లో కొట్టాను. వేలి మీద సుత్తి దెబ్బ ఒకటి పడింది, చప్పుడు చెయ్యలేదు. మేడం తనే వచ్చి ఫ్రేము ఓ చివర పట్టుకుంది. నలభై ఒకటి మేకుకి తగిలించేసరికి పది యాభై.

జడ్జీలు ముగ్గురు. మొదటి ఇద్దరూ నలభై ఒకటి ముందు ఆగి, కాయితాల మీద ఏదో గీకి, కదిలిపోయారు. మూడో ఆవిడ కదల్లేదు. మెడలో వేలాడుతున్న కళ్ళజోడు పెట్టుకుని చూసింది, తీసేసి చూసింది.

"ముఖం వెయ్యలేదేం అమ్మా? రాదా?"

"వచ్చండి. ముఖం వెయ్యాలంటే ఎదురుగా కూర్చుని చూడాలి. అంతసేపు చూస్తే దొరికిపోతానని భయమేసింది."

"ఇప్పుడో?"

ఆమె గోడ దగ్గర నిలబడ్డ నన్ను చూసింది. "ఇప్పుడు దొరికిపోయాను."

ఆ జడ్జి నవ్వలేదు. కాయితం మీద ఒక ముక్క రాసుకుని వెళ్ళిపోయింది. ఏం రాసిందో ఎలా తెలుస్తుంది? ఫలితాలు ఐదింటికన్నారు, సాయంత్రం దాకా మేం హాలు మెట్ల మీదే కూర్చున్నాం. రెండు టీలు తాగాం. పోటీ పోతే ఆ పాపం నాది. ఆమె పువ్వులు పంపి ఉంటే గెలిచేదేమో కూడా ఎవరికీ తెలీదు. ఆ మాట అంటే, "నోరు మూసుకుని టీ తాగు," అంది. ప్రాణం కుదుటపడింది.

నాలుగున్నరకి వాళ్ళ నాన్న వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు, మెడలో కొలత టేపు వేలాడుతోంది. షాపులోంచి అలాగే వచ్చేసినట్టున్నాడు. తిన్నగా నలభై ఒకటి ముందుకెళ్ళి నిలబడ్డాడు. నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు.

"పువ్వులన్నావు?"

"మార్చాను నాన్నా."

"ఊఁ."

ఆ 'ఊఁ'కి అర్థం ఏమిటో ఆమెకీ తెలీదని మొహం చూస్తే తెలిసింది. నేను స్తంభం చాటుకి జరిగాను. ధైర్యం ఉన్నవాడు జరగడు, నేను జరిగాను.

ఐదింటికి మేడం గోడకి కాయితం అంటించింది. జనం తోసుకున్నారు. మూడు నంబర్లు. మొదటిది మాది కాదు. రెండోది మాది కాదు. మూడోదాని ముందు ఎవరిదో గొడుగు అడ్డమొచ్చింది. ఆ గొడుగు పక్కకి తప్పుకోవడానికి ఓ యుగం పట్టింది.

నలభై ఒకటి.

ఆమె అరవలేదు, గెంతలేదు. నల్లటి వేళ్ళతో మొహం కప్పుకుంది. చేతులు తీశాక బుగ్గల మీద పది మసి గీతలున్నాయి. వాళ్ళ నాన్న ఆ కాయితం రెండుసార్లు చదివాడు.

"మీ బావకి ఇంకెవర్నన్నా చూసుకోమని నేను చెప్తాలే," అన్నాడు. తరవాత బొమ్మ వైపు చెయ్యి చూపించాడు. "ఇతనేడి?"

"ఎవరు నాన్నా?"

"ముప్పై ఏళ్ళుగా వీపులు కొలుస్తున్నాను. నాకు చెప్పకమ్మా. ఆ స్తంభం వెనక నిలబడ్డాడే, ఆ అబ్బాయేనా?"

బయటికొచ్చాను. దణ్ణం పెడదామంటే చేతిలో సుత్తి ఉంది.

"వెనక్కి తిరుగు బాబూ," అన్నాడాయన.

తిరిగాను. టేపు నా భుజాల మీద పడింది. ఒక చివర మెడ దగ్గర, ఇంకో చివర ఎడమ భుజం మీద, తరవాత కుడి భుజం మీద. హాల్లో జనం చూస్తున్నారు. మేడం రిజిస్టరు మూసేసి మరీ చూస్తోంది.

"అర అంగుళం దిగింది. అమ్మాయి సరిగ్గానే వేసింది," అన్నాడు. "ఈ చొక్కా ఎవరు కుట్టారు? ఎవరైనా భుజాలు రెండూ ఒకటేననుకుని కుడితే ఇలాగే కాలరు లేస్తుంది. రేపు షాపుకి రా, నేను కుడతాను."

"అలాగేనండీ."

"వీపు చూశాను. మొహం కూడా చూడాలి కదా. ఇటు తిరుగు."

ఆయన వైపు తిరిగాను. ఆయన నా కళ్ళలోకి చూస్తూ నిలబడ్డాడు. ఆ కొలత ఎంతసేపు పట్టిందో చెప్పలేను. అప్పుడు వెనకనుంచి రెండు వేళ్ళు నా మెడకి తగిలాయి. మూడు నెలలుగా లేచి ఉన్న కాలరుని మెల్లగా మడిచి, కిందికి నొక్కాయి.

"అమ్మాయ్, వేళ్ళు!" అన్నాడు వాళ్ళ నాన్న కంగారుగా. "కాలరుకి బొగ్గంటుతుంది!"

అప్పటికే అంటింది.